ఆ పత్రంలో రెండో పేరు

1976 మార్చి 11న వెలువడిన ‘నేచర్’లోని నాలుగు పేజీలు క్యాన్సర్ గురించి అప్పటిదాకా అనుకున్నదాన్ని తలకిందులు చేశాయి. 2026తో వాటికి యాభై ఏళ్లు. వాటి ఆయువుపట్టు మాత్రం అదే ఏడాది ‘జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీ’లో అచ్చయిన ఇంకో పత్రంలో ఉంది. అందులో రెండో పేరు గుంటక రామారెడ్డి. మన తెలుగువాడు.

సుశ్రుతుడు అర్బుదం గురించి రాసినప్పటి నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా ఒక్క అంగలో దాటేద్దాం. 1869లో మీషర్ ఆస్పత్రి కట్లకంటిన చీములోంచి కేంద్రకామ్లాన్ని, అంటే డీఎన్‌ఏని, వెలికితీశాడు. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్, కోడి కంతిని నూరి వడగట్టిన రసంతో ఇంకో కోడికి కంతి పుట్టించాడు. దానికి నోబెల్ వచ్చింది 1966లో, ఆయనకు 87 ఏళ్లు నిండాక! నడుమ 1929లో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని కనిపెట్టారు. కణం ఆర్‌ఎన్‌ఏ కట్టుకునే ముడిసరుకుల్లో అదొకటి. రౌస్ వైరస్‌లో ఉండేది ఆర్‌ఎన్‌ఏనే. దాన్ని చూసి డీఎన్‌ఏ రాసే ఎంజైమ్‌ను 1970లో టెమిన్, బాల్టిమోర్ పట్టుకున్నారు.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కో. అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిషప్, వార్మస్‌ల ప్రయోగశాల. రౌస్ వైరస్‌లో క్యాన్సర్ తెచ్చే జన్యువు ‘సార్క్’ ఒకటుంది. అది వైరస్ సొంతమా, ఎక్కడైనా ఎత్తుకొచ్చిందా? తేల్చాలంటే ముందు ఆ ఒక్క జన్యువునే విడదీయాలి. జన్యువుల్ని యంత్రాలతో చదివే రోజులు కావవి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన స్టెహెలిన్, రామారెడ్డి, బిషప్, వార్మస్ కలిసి ఒక ఉపాయం పన్నారు. వైరస్ ఆర్‌ఎన్‌ఏని రేడియోధార్మిక డీఎన్‌ఏ ముక్కలుగా రాయించారు. వాటిని సార్క్ పోగొట్టుకున్న వైరస్ ఆర్‌ఎన్‌ఏతో కలిపారు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవన్నీ జతకట్టాయి. జతలేకుండా మిగిలిందే సార్క్, మొత్తంలో ఇంచుమించు ఆరో వంతు. ఆ కలగలుపును కాల్షియం ఫాస్ఫేట్ నింపిన గొట్టంలో పోస్తే జంటలు అంటుకుపోయి, ఒంటరివి కిందికి జారతాయి. మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరే పనే ఇది. కాకపోతే ఇక్కడ కావలసింది ఆ ఏరి పక్కన పెట్టిన గుప్పెడే.

ఆ గుప్పెడుతో కోడి, కౌజు, బాతు, ఈముల డీఎన్‌ఏ వెతికారు. ఏ వైరసూ సోకని పక్షుల్లోనూ సార్క్ దొరికింది. ఈము అంటే మన రాష్ట్రంలో రైతులు ఫారాలు పెట్టి చేతులు కాల్చుకోవడమే గుర్తొస్తుంది గానీ, సైన్సుకు మాత్రం ఆ పక్షి భలే అక్కరకొచ్చింది. చీరాల దగ్గరి వాడరేవు ఇసుకలో ఎండుచేపల చుట్టూ తిరిగే నాటుకోడిలోనూ ఆ జన్యువుంది. మనుషుల్లోనూ ఉందని 1978లో తేలింది. దొంగ వైరసే, సొత్తు మనది.

నేచర్ పత్రం మీద నాలుగు పేర్లున్నాయి, రామారెడ్డి పేరు లేదు. 1989లో నోబెల్ బిషప్, వార్మస్‌లకే దక్కింది. నాకూ వాటా రావాలని స్టెహెలిన్ బహిరంగంగానే పోట్లాడాడు, కమిటీ మాట మార్చలేదు. పరికరం చేసినవాళ్లకు ఎప్పుడూ ఇంతే.

రామారెడ్డి కథ ఒక తీరున సాగదు. ఆ 1976 పత్రాలకు ముందే, 1975లోనే, ఇథిడియం బ్రోమైడ్ అనే రసాయనం వాడితే ఈ జాతి వైరస్ డీఎన్‌ఏ బాతు కణాల్లో వలయంగా మూసుకోదని చూపిన నేచర్ పత్రానికి రామారెడ్డిదే మొదటి పేరు. తర్వాత కొలంబియా, మిస్సోరి విశ్వవిద్యాలయాల్లో, ఆపైన మెంఫిస్‌లో పనిచేశారు. రౌస్ వైరస్ లాంటి రెట్రోవైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ రాత ఎక్కడ ఆగుతుందో, దాని తోక ఎలా అతుకుతుందో 1993లో ఒంటరిగా పెద్ద సమీక్ష రాశారు. డీఎన్‌ఏ జంటపేటకు మూడో పేట చుట్టి జన్యువు నోరు కట్టడం మీద పనిచేశారు. ఒక్కో పనికి ఒక్కో వ్యాసం కావాలి.

చీరాల, బాపట్ల కాలేజీల్లో జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకో మనవి: క్యాన్సర్ పాఠం చెప్పేటప్పుడు ఆ 1976 నాటి రెండు పత్రాలూ పిల్లల ముందుంచండి. ‘జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీ’ పత్రంలో రెండో పేరు పైకి చదివించండి.