ఒక్క అక్షరమైపోయిన ఇంటిపేరు



ఫేస్‌బుక్ ఖాతా తెరిచేటప్పుడు రెండు గళ్ళు వస్తాయి. ఒకటి మొదటి పేరు, ఇంకొకటి చివరి పేరు. తమిళనాట ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామంది ఆ రెండో గడి దగ్గర ఆగిపోతారు. కొందరు నాన్న పేరు రాస్తారు, కొందరు ఊరిపేరు, కొందరు ఒక్క అక్షరం వేసి ఊరుకుంటారు. దీని వెనక చరిత్ర ఉంది.

మన పద్ధతిలో ముందుండేది ఇంటిపేరు. తమిళుల పద్ధతిలో ముందుండే అక్షరం తండ్రి పేరుది. మాలాగా తమిళ బడిలో చదివినవాళ్ళలో చాలామందికి రిజిస్టరులో తండ్రి అక్షరమే పడింది, ఇంటిపేరు ఇంట్లోనే ఉండిపోయింది. పెద్దవాళ్ళ సంగతీ చూడండి. 1888లో తిరుత్తణి ప్రాంతంలో పుట్టిన రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు సర్వేపల్లి. అది నెల్లూరు జిల్లాలోని ఊరు. తమిళనాట ఆయన ఎస్. రాధాకృష్ణన్. పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరున వెలసిన త్యాగరాయ నగర్ ఇవాళ టీ. నగర్. ఇంటిపేరు ముందే పోయింది, ఆయన పేరూ ఒక్క అక్షరమైపోయింది.

ఇంటిపేరు ఉత్త పేరు కాదు, చుట్టరికాల తాళంచెవి. సంబంధం మాట రాగానే ఇంటిపేరు, గోత్రం అడిగేవారు. మదురైలో ఉన్నవాళ్ళకీ కోయంబత్తూరులో ఉన్నవాళ్ళకీ వరస కలిసేది అలాగే. అయితే ఆ వివరాలు పెద్దల నోట్లో ఉండేవి. అడిగినవాడు ఎవరో, ఎందుకు అడుగుతున్నాడో చూసుకుని చెప్పేవారు.

రైల్వేలో గుమాస్తా పని చేసిన మాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. రిజర్వేషన్ చార్టు బోగీకి అతికించేవారు. పేరు, వయసు, ఆడా మగా, బెర్తు నంబరు, దారిన పోయేవారెవరైనా చదవొచ్చు. బండి గమ్యం చేరితే దాని పని అయిపోయేది. 2018 మార్చిలో పెద్ద స్టేషన్లలో అతికించడం ఆపేశారు. అది కాగితం మిగలాలని. ఫేస్‌బుక్‌లో మన చార్టును మనమే అతికించుకుంటున్నాం. మనం పీకేదాకా అది అక్కడే ఉంటుంది.

2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ రెండూ పుట్టాయి. ఆర్కుట్ 2014లో మూతపడింది. వాట్సాప్ గుంపులో 2022 నుండి 1,024 మంది దాకా చేరొచ్చు. అంతమందికీ మన నంబరు కనబడుతుంది. 2011లో ఫేస్‌బుక్ వాళ్ళు, మిలాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి 72 కోట్ల ఖాతాలు లెక్క చూశారు. ఏ ఇద్దరి మధ్యనైనా సగటు దూరం 4.74 లంకెలే అని తేలింది. అంటే "మనవాడికి స్నేహితుడే" అన్నది ఇప్పుడు పూచీ కాదు. మోసగాడు కూడా నాలుగైదు లంకెల దూరంలోనే ఉంటాడు. మన ఫొటో, మన పేరు పెట్టి ఇంకో ఖాతా తెరిచి, మన స్నేహితుల జాబితా చూసి, ఒక్కొక్కరినీ డబ్బడుగుతాడు.

అలాగని పేరు దాచుకోమని మేము అనం. ఇంటిపేరు పూర్తిగా రాయండి. నాలుగు తరాల కింద విడిపోయిన దాయాదులు దొరికేది దానివల్లే. దాచవలసినవి వేరు. స్నేహితుల జాబితాను "నేను మాత్రమే" చూసేలా పెట్టుకోండి. పుట్టిన తేదీ, ఫోను నంబరు అందరికీ కనబడనీయకండి. వాట్సాప్ గుంపుల్లో మనల్ని ఎవరు చేర్చవచ్చో సెట్టింగులలో మార్చుకోండి. వంశవృక్షం పెట్టేవాళ్ళు అమ్మ పుట్టింటి పేరు దగ్గర జాగ్రత్త. కొన్ని బ్యాంకులు మనల్ని గుర్తుపట్టడానికి అడిగే రహస్య ప్రశ్న అదే. ఎవరైనా డబ్బడిగితే పాత నంబరుకు ఫోను చేసి గొంతు వినండి.

పిల్లలకు ఇంటిపేరు రాయడం నేర్పండి. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో అదీ నేర్పండి. మన పెద్దలు రెండూ తెలిసినవాళ్ళే.