దవా, దువా: దర్గా చెంత మనోవైద్యం

ఇస్లామీయ చరిత్రలో ప్రార్థన, వైద్యం చిరకాలం కలసి నడిచాయి. అబూ జైద్ అల్-బల్ఖీ (మరణం 934) శరీరారోగ్యాన్ని, మానసికారోగ్యాన్ని ఒకే గ్రంథంలో చర్చించి, భయం, క్రోధం, విచారం వంటివాటికి ఉపశమన మార్గాలను సూచించాడు. 1284లో కైరోలో సుల్తాను కలావూన్ నెలకొల్పిన వైద్యశాలలో మనోరోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. దాని వ్యయాన్ని వక్ఫు ఆదాయం భరించేది.

భారతదేశంలో మనోవ్యాధి పీడితులు మతభేదం లేకుండా దర్గాలను ఆశ్రయించడం పరిపాటి. తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రయ కేంద్రం అగ్నికి ఆహుతి కాగా, గొలుసులతో బంధింపబడిన 28 మంది రోగులు మరణించారు. వారిని ఆ ఊరికి చేర్చినది విశ్వాసం. మంటల నుండి తప్పించుకోనీయనిది సంకెల.

ఆ రెండింటినీ వేరు చేసి చూపిన ప్రయత్నం గుజరాత్‌లోని ఉనావాలో జరిగింది. అక్కడి మీరా దాతార్ దర్గాలో 2008లో ప్రారంభమైన 'దవా-దువా' కార్యక్రమం ద్వారా ముజావర్లు దువా చేస్తూనే రోగులను మనోవైద్యుల వద్దకు పంపసాగారు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. శాసనం సంకెలను తొలగించగలదు. అయితే సందేహించే కుటుంబాన్ని మందు వైపు నడిపించడానికి, వారు నమ్మిన ముజావరు మాట కూడా అవసరమే.