మూడు నిమిషముల రాయబారము

బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై తరలిపోయిన తెలుగువారు ఖరగ్‌పూరులోని నిమ్‌పురా వంటి తావులందు స్థిరపడిరి. వారు ఊర విడిచిన పద్యనాటకపు గొంతులను రికార్డులపై అచ్చువేసిన పెద్ద కర్మాగారము మాత్రము వంగదేశమందే ఉండెను. అది 1908లో సియాల్దాలో నెలకొని, 1928లో దమ్‌దమ్‌కు తరలినది.

రికార్డుకు ఒక వైపున పట్టునది ఇంచుమించు 3 నిమిషములు. రంగముపై శ్రీకృష్ణ పాత్రధారి కల్యాణం రఘురామయ్య (1901–1975) ‘వన్స్‌మోర్’ కేకలకు పద్యమును మరల ఎత్తుకొనవచ్చును, రాగమును సాగదీయవచ్చును. రికార్డునందు ఆ స్వేచ్ఛ లేదు. కావున దానిని నాటకమునకు సాక్ష్యముగా మాత్రమే గ్రహింపవలెను.

సాక్ష్యమును దిద్దరాదు. ఇటలీ టెనరు గాయకుడు కరూసో 1921లో మరణించిన పిమ్మట, 1932లో అతని పాత గానమునకు కొత్త వాద్యబృందమును జోడించి మరల వెలువరించిరి. వినుటకు నిండుగా ఉన్నను, ఆ వాద్యములను గాయకుడు ఎన్నడును వినలేదు.

నేడు పాత పద్యములను మరల వెలువరించువారు ముందుగా వేగమును సరిచూడవలెను. వేగము నూటికి 6 పాళ్లు హెచ్చినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకెక్కి, గాయకుడు మరియొకడుగా వినవచ్చును. గరగరను పూర్తిగా తుడిచినచో గొంతులోని జీరయు దానితో పోవును. రంగస్థలమునకు దూరమైన నిమ్‌పురా శ్రోతకు దక్కవలసినది ఆ జీరయే.