హెండర్సన్ మీదుగా కోల్‌కతాకు

2022 మార్చిలో గోవాలో జరిగిన ఐఎస్‌ఎల్ సెమీఫైనల్ హైదరాబాద్ అభిమానులు అంత తేలిగ్గా మరిచిపోయేది కాదు. తొలి మ్యాచ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 3-1తో ఏటీకే మోహన్ బగాన్‌ను ఓడించింది. నాలుగు రోజుల తర్వాత రెండో మ్యాచ్‌లో 0-1తో ఓడినా మొత్తం లెక్కలో 3-2తో గట్టెక్కింది. ఆ వారంలోనే కేరళను పెనాల్టీల్లో ఓడించి కప్పు కొట్టింది. ఆ సెమీస్‌లో మోహన్ బగాన్ తరఫున పడిన రెండు గోల్స్‌నూ కొట్టింది ఒక్కడే, రాయ్ కృష్ణ. పేరు మన పక్కింటి కుర్రాడిది. ఆడేది మాత్రం పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీకి.

కృష్ణ 1987 ఆగస్టు 30న ఫిజీలోని లబాసాలో పుట్టాడు. ఊరి పేరు లబాసా అని రాస్తారు గానీ పలకడం లంబాసా అనే. వనువా లేవు దీవిలో చెరకు తోటల మధ్య, 1894 నుంచి నడుస్తున్న చక్కెర మిల్లు చుట్టూ పెరిగిన పట్నం అది. ఇలాంటి చెరకు తోటల్లో పనికోసం 1879 నుంచి 1916 దాకా భారత్ నుంచి అరవై వేల మందికి పైగా కూలీలు ఓడలెక్కి ఫిజీ చేరారు. మొదట్లో అందరూ కలకత్తా రేవు నుంచే వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవూ తోడైంది. అలా వెళ్లిన తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు కలిసి 1926లో దక్షిణ భారతీయుల సంగం పెట్టుకున్నారు. తెలుగువాళ్లు 1941లో విడిగా ఆంధ్ర సంగం కూడా కట్టుకున్నారు. ఈస్టర్ సెలవుల్లో సంగం మహాసభ జరిగితే అక్కడ ఫుట్‌బాల్ పోటీ ఉండాల్సిందే. ఫిజీ అనగానే లోకానికి రగ్బీ గుర్తొస్తుంది. అక్కడి భారతీయ కుటుంబాలు మాత్రం తరాలుగా అల్లుకుపోయింది ఫుట్‌బాల్‌తోనే.

లబాసా జట్టులో ఆడుతున్న ఈ స్ట్రైకర్‌కు దేశం దాటే దారి న్యూజిలాండ్‌లో దొరికింది. ఆక్లాండ్ పడమటి వైపున్న హెండర్సన్ అప్పట్లో వైటాకెరే నగరానికి కేంద్రం. పందొమ్మిదో శతాబ్దంలో కలప మిల్లుతో మొదలై, తర్వాత ద్రాక్షతోటలతో పేరు తెచ్చుకున్న ప్రాంతం. 1902లో అక్కడ ద్రాక్ష నాటిన అసీద్ అబ్రహాం కోర్బన్ లెబనాన్ కొండల నుంచి వచ్చినవాడు. డాల్మేషియన్లు, పసిఫిక్ దీవులవాళ్లు, ఫిజీ భారతీయులు, ఇలా వలస వచ్చినవాళ్లే ఆ ఊరికి ఊపిరి. కృష్ణ లాంటివాడు అక్కడ పరాయివాడిగా కనిపించే అవకాశం తక్కువ.

వైటాకెరే యునైటెడ్ 2004లో పుట్టిన క్లబ్. హెండర్సన్‌లోని ట్రస్ట్స్ ఎరీనా పక్క మైదానంలోనూ, ఫ్రెడ్ టేలర్ పార్క్‌లోనూ సొంత మ్యాచ్‌లు ఆడేది. 2007, 2008లో వరుసగా ఓషియానియా చాంపియన్‌గా నిలిచి, రెండుసార్లూ క్లబ్ వరల్డ్ కప్ కోసం జపాన్ వెళ్లింది. అయినా న్యూజిలాండ్ దేశవాళీ లీగ్ అర్ధ వృత్తి లీగే. ఆటగాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన. 2008లో చేరిన కృష్ణ 2013 దాకా అక్కడే ఉన్నాడు. 2009-10 నుంచి 2012-13 వరకు వైటాకెరే వరుసగా నాలుగు సార్లు లీగ్ గెలిచింది. చిన్న దేశపు ఆటగాడికి ప్రతిభ కన్నా ముందు కావాల్సింది వారం వారం గట్టి మ్యాచ్. అది కృష్ణకు హెండర్సన్‌లో దొరికింది.

వైటాకెరేలో చేరిన ఏడాదే నవంబర్‌లో ఫిజీ లౌటోకాలో న్యూజిలాండ్‌ను 2-0తో ఓడించింది. రెండు గోల్సూ కృష్ణవే. అప్పటికే 2010 ప్రపంచకప్ అర్హత గ్రూపులో అగ్రస్థానం ఖాయం చేసుకున్న న్యూజిలాండ్‌కు ఆ ఓటమితో పోయిందేమీ లేదు. కానీ ఆ ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఇంటికెళ్లిన ఏకైక జట్టు ఆ న్యూజిలాండే అని తెలిస్తే, లౌటోకా సాయంత్రం విలువేమిటో అర్థమవుతుంది.

2013లో అతడు బద్ధశత్రువు ఆక్లాండ్ సిటీకి మారాడు. మన కోల్‌కతా లెక్కలో మోహన్ బగాన్ నుంచి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లడమన్నమాట! ఆ డిసెంబర్‌లో మొరాకోలో క్లబ్ వరల్డ్ కప్ మ్యాచ్. రాజా కాసాబ్లాంకా మీద కృష్ణ స్కోరు సమం చేశాడు. ఆఖరి క్షణాల గోల్‌తో గెలిచిన కాసాబ్లాంకా ఆ తర్వాత ఫైనల్ దాకా వెళ్లి బయర్న్ మ్యూనిక్‌ను ఢీకొంది.

నెల తిరగకముందే, 2014 జనవరిలో, వెల్లింగ్టన్ ఫీనిక్స్ పిలిచింది. ఇరవై ఆరేళ్లకు పూర్తి వృత్తి ఆటగాడయ్యాడు. ఐదేళ్లకు పైగా ఆడి ఆ క్లబ్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ వీరుడయ్యాడు. 2018-19లో ఆస్ట్రేలియా ఎ-లీగ్ గోల్డెన్ బూట్, ఉత్తమ ఆటగాడికిచ్చే జానీ వారెన్ పతకం రెండూ అతడివే.

ఈ మధ్యలోనే రియో ఒలింపిక్స్. 2016లో ఫిజీ ఫుట్‌బాల్ జట్టు తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది, కృష్ణ కెప్టెన్‌గా. దక్షిణ కొరియా చేతిలో 8-0, జర్మనీ చేతిలో 10-0. ఆ రెంటి మధ్య మెక్సికోతో మ్యాచ్. ఆట మొదలైన పది నిమిషాలకే కృష్ణ తలతో బంతిని గోల్‌లోకి నెట్టాడు. విరామానికి 1-0తో ఫిజీదే పైచేయి! అప్పటి ఒలింపిక్ చాంపియన్ మెక్సికో. రెండో సగంలో ఐదు గోల్స్ సమర్పించుకుని 5-1తో ఓడారు, అది వేరే సంగతి. ఒలింపిక్స్‌లో ఫిజీ కొట్టిన మొదటి ఫుట్‌బాల్ గోల్ అదే. నాలుగు రోజులకే రగ్బీ జట్టు దేశానికి తొలి బంగారు పతకం తెచ్చింది. ఆ సంబరంలో ఈ గోల్ ఎవరికీ పట్టలేదు.

ముప్ఫై దాటాక ఫార్వర్డ్‌లు చల్లబడతారంటారు. కృష్ణ 2019లో కోల్‌కతా క్లబ్ ఏటీకేలో చేరి, మొదటి సీజన్‌లోనే 15 గోల్స్ కొట్టాడు. 2020 మార్చి 14న, కరోనా వల్ల ఖాళీగా ఉన్న ఫతోర్దా స్టేడియంలో చెన్నైయిన్‌ను ఓడించి ఏటీకే కప్పు గెలిచింది. ఏటీకే మోహన్ బగాన్‌తో కలిసిపోయాక, ఆ నవంబర్‌లో ఈస్ట్ బెంగాల్‌తో ఐఎస్‌ఎల్ తొలి కోల్‌కతా డెర్బీ జరిగింది. లక్ష గొంతులు అరవాల్సిన మ్యాచ్‌కు ప్రేక్షకుడే లేడు. విరామం తర్వాత నాలుగో నిమిషంలో తొలి గోల్ కొట్టింది కృష్ణ. 2020-21లో 14 గోల్స్‌తో లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. తర్వాత బెంగళూరుతో 2022 డ్యూరాండ్ కప్, ఆపైన భువనేశ్వర్‌లో ఒడిశా ఎఫ్‌సీ, మోకాలి గాయం, 2025లో కేరళలోని మలప్పురం ఎఫ్‌సీ.

వైటాకెరే యునైటెడ్ మాత్రం ఇప్పుడు లేదు. న్యూజిలాండ్ తన దేశవాళీ లీగ్‌ను మార్చేయడంతో 2020-21 సీజన్‌తో ఆ క్లబ్ కథ ముగిసింది.