0891లో ముందున్న సున్నా

అటు పోర్టు నుంచి ఇటు ఉక్కునగరం దాకా విశాఖలో ల్యాండ్‌లైన్ నంబరు ఏదైనా 0891తోనే మొదలు. ఆ నాలుగంకెలనూ ఉన్నదున్నట్టు సి ప్రోగ్రాములో సంఖ్యగా రాస్తే కంపైలర్ ఒప్పుకోదు. ఆక్టల్ సంఖ్యలో 8 చెల్లదంటుంది. హైదరాబాద్ కోడ్ 040 అయితే కిక్కురుమనకుండా 32గా లెక్కేసుకుంటుంది. మొహం మీదే కాదనే 0891 నయం.

ఈ పేచీ బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. 1969 ప్రాంతంలో అక్కడ కెన్ థాంప్సన్ వాడిన పీడీపీ-7 యంత్రం 18 బిట్లది. మూడేసి బిట్లకు ఒక అంకె చొప్పున వేస్తే సరిగ్గా ఆరంకెలు. మూడు బిట్లలో 7 దాటి పట్టదు కనుక 8, 9లతో పనే లేదు. ఇలాంటి ఆక్టల్ సంఖ్యను మామూలు సంఖ్య నుంచి వేరుగా గుర్తించడానికి బి భాషలో ముందొక సున్నా పెట్టారు. బి నుంచి అది డెనిస్ రిచీ సి భాషకు, అక్కణ్నుంచి జావాకు సంక్రమించింది. ఈలోగా యంత్రాలు 16 బిట్లకు, 32కు మారాయి. మూడేసి బిట్ల లెక్క వాటికి పొసగదు. అయినా సున్నా కదల్లేదు.

ఇంకో విడ్డూరం. 1978లో కెర్నిగాన్, రిచీ రాసిన సి పుస్తకం ప్రకారం ఆక్టల్‌లో 8, 9 కూడా చెల్లేవి. ఆ లెక్కన 0891 అంటే ఎనిమిది అరవైనాలుగులు, తొమ్మిది ఎనిమిదులు, ఒకటి: 585. 1989 నాటి ఆన్సీ ప్రమాణం ఆ వెసులుబాటు తీసేసింది.

అసలు మన సున్నా మాత్రం నంబరులో భాగమా? విశాఖ కోడ్ 891 మాత్రమే. 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైన ఎస్‌టీడీ పద్ధతిలో, ముందు సున్నా నొక్కడమంటే కాల్‌ను ఊరి బయటికి పంపమని ఎక్స్ఛేంజికి చెప్పడం. అమెరికా నుంచి చేసేవాళ్లు 91 తర్వాత నేరుగా 891 కొడతారు. ఫోన్‌లో సున్నా ఎక్స్ఛేంజికిచ్చిన ఆజ్ఞ, ప్రోగ్రాములో కంపైలర్‌కిచ్చిన ఆజ్ఞ. రెంటికీ గుర్తు ఒకటే కావడంతో వచ్చింది చిక్కు.

2008లో వచ్చిన పైథాన్ 3 దీన్ని తెగ్గొట్టింది: ఆక్టల్ కావాలంటే సున్నా పక్కన ‘ఓ’ అక్షరం ఉండాలి, ఉత్త సున్నాతో 0891 రాసినా 040 రాసినా తప్పే. నాకిదే సబబనిపిస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ పెట్టని జావాస్క్రిప్టు తీరే మరీ అన్యాయం. 040ని 32 అంటుంది, 0891ని మాత్రం 8, 9 కనబడ్డాయని 891గా తీసుకుంటుంది. ఫోన్ నంబర్లను కూడేదీ లేదు, హెచ్చవేసేదీ లేదు. వాటిని కొటేషన్ల మధ్య అక్షరాల్లా దాచుకుంటే ఏ భాషలోనూ ఈ తంటా ఉండదు.