చుట్టుదారి

ముప్పై ఏళ్లపాటు సైకిలు మీదనే బడికి వెళ్లాను. లారీల రోడ్డున నాలుగు మైళ్లు, కాలువగట్టున అయిదు. నేను గట్టునే పోయేవాణ్ని. "పంతులుగారిది ప్రకృతి ఉపాసన" అని తోటి అయ్యవార్లు పరిహసించేవారు. ఉపాసన కాదు, భయం. చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

ఆ భయానికీ ఒక చరిత్ర ఉన్నదని విశ్రాంతి తీసుకొన్నాకనే తెలిసింది. 1971లో నెదర్లాండ్స్ రోడ్లమీద సుమారు 3,300 మంది మరణించారు. అందులో 400కు పైగా పిల్లలు. 'పిల్లల హత్య ఆపండి' అంటూ తల్లిదండ్రులు ఉద్యమించారు. సైకిళ్లను కార్లనుండి వేరుచేసే ప్రమాణాలు అక్కడ క్రమంగా స్థిరపడ్డాయి. 2012లో మేకురియా, ఫర్త్, నిక్సన్ అనే పరిశోధకులు అమెరికాలోని శాన్ హోసే వీధులను ఒత్తిడిని బట్టి నాలుగు మెట్లుగా విభజించారు. సామాన్యులైన పెద్దలు ఓర్చుకోగల రెండవ మెట్టుకు ఆ డచ్చి ప్రమాణాలే ఆధారం. చుట్టుదారి నాలుగోవంతుకు మించి పెరగరాదని వారు లెక్క కట్టారు. నా గట్టుదారి సరిగ్గా ఆ హద్దులోనే ఉన్నది!

ఆ నగరంలో ప్రశాంతమైన వీధులకు కొరత లేదు. కాని పెద్దరోడ్లు వాటిని లంకలుగా చీల్చాయి. దారిలో ఒక్కచోట భయం ఉంటే దారంతటికీ అదే లెక్క, సగటు పనికిరాదు.

నా గట్టు కూడా ఒకచోట లారీల రోడ్డును దాటేది. అక్కడ దిగి, నడిపించుకొని దాటేవాణ్ని. ఆ దాటుకు జంకి ఒక తల్లి తన ఏడవ తరగతి కొడుకును బడి మాన్పించింది. నేను వెళ్లి విద్య విలువను గురించి ఉపన్యసించాను. ఆమె అంతా విని, ఒకసారి రోడ్డువైపు చూసి, లోపలికి వెళ్లిపోయింది.