పది గుర్తులు, రెండు భాషలు

గ్రంథములను అచ్చునకు కూర్చు యంత్రభాష ఒకటి. అంకెలనుండి గ్రాఫులు గీయు యంత్రభాష మరియొకటి. రెండవదాని ఆజ్ఞలను మొదటిదాని ప్రతిలోనే వ్రాసి, వ్యాసమును పటమును ఒకేమారు పొందవలెనని పరిశోధకులు కోరుట సహజము. అయితే ఈ పొత్తు తొలినుండియు కలహముతో కూడినదే. ఆ కలహమునకు మూలమేమో నేడు శ్రోతలతో ముచ్చటింతము.

1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్, తన గ్రంథపు రెండవ సంపుటమునకు వచ్చిన ప్రూఫులను చూచి, అక్షరముల తీరునకు మనసు నొచ్చి, అచ్చుకూర్పునకు తానే ఒక సాధనమును నిర్మింపబూనెను. అదియే ‘టెక్’. 1978లో మొదటి రూపము వెలువడెను. 1982లో దానిని ఆయనయే తిరుగ వ్రాసెను. దానిపై లెస్లీ లాంపోర్ట్ ‘లేటెక్’ను నిలిపెను. గ్రాఫులు గీయు ‘గ్నూప్లాట్’ను థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ 1986లో ఆరంభించిరి.

ఈ రెండింటికిని కావలసిన గుర్తులు ఒకే కొట్టునుండి వచ్చినవి. 1963లో వెలువడి, తరువాత సంస్కరింపబడిన ఆస్కీ పట్టికలో అక్షరములు, అంకెలు, ఖాళీ పోగా అచ్చుపడు గుర్తులు 32 మాత్రమే. లేటెక్ అందులో పదింటిని తన పనికి కేటాయించుకొన్నది: హాష్, డాలరు, శాతము, ఆంపర్‌శాండ్, అండర్‌స్కోర్, రెండు మీసాల బ్రాకెట్లు, టిల్డా, క్యారెట్, వెనుకకు వాలిన గీత. గ్నూప్లాట్‌కును ఇవియే కావలెను. శాతపు గుర్తు లేటెక్‌లో వ్యాఖ్యకు ఆరంభము. గ్నూప్లాట్‌లో అంకె ఏ రూపమున కనబడవలెనో తెలుపునది. వ్యాఖ్యకు గ్నూప్లాట్ వాడునది హాష్ గుర్తు. డాలరు ఒకచోట గణితమునకు ద్వారము, మరియొకచోట పట్టికలోని నిలువు వరుసకు పేరు.

మన తెలుగున ‘పాలు’ అన్న మాట వినిన చెవి, ముందువెనుకలు చూచి అది క్షీరమో భాగమో తేల్చుకొనును. టెక్ అట్లు ఆగదు. చదివిన క్షణముననే ప్రతి గుర్తుపై పదునారు తరగతులలో ఒకదాని ముద్ర వేయును. పడిన ముద్ర ఆ గుర్తును విడువదు. ఏ గుర్తునకు ఏ తరగతియో మార్చు అధికారమును క్నూత్ రచయితకే ఇచ్చెను గాని, ఆ మార్పు చదువుటకు ముందే జరుగవలెను. చిక్కంతయు ఈ ‘ముందు’ అన్న మాటలోనే కలదు.

ముందుగా మార్చనిచో ఏమగును? శాతపు గుర్తు తగిలిన చోటనుండి పంక్తి చివరివరకు, మూసిన ఉటంకింపు గుర్తుతో సహా, మాయమగును.  మౌనముగా చెరచునది మరియొకటి కలదు. టెక్ పంక్తి చివరలను ఖాళీలుగా మార్చును. గ్రాఫు ఆజ్ఞలకు తలకట్టుగా హాష్‌తో ఒక వ్యాఖ్య ఉన్నచో, పంక్తులన్నియు ఒక్కటై, ఆజ్ఞలన్నియు ఆ వ్యాఖ్యలో కలిసిపోవును. గ్నూప్లాట్ ఏమియు గీయదు, ఏమియు పలుకదు. క్రిందటిమారు గీసిన పటము అచటనే ఉన్నచో, కొత్త లెక్కల ప్రక్కన పాత గ్రాఫు అచ్చుపడును! పరిశోధకునకు ఇంతకన్న అపాయమేమి?

దీనికి మందుగా లేటెక్‌లో ‘వెర్బాటిమ్’ అను అమరిక కలదు. అది లోపలికి పోకమున్నే విశేష గుర్తుల తరగతులను సామాన్యములుగా మార్చి, ముగింపు మాట వచ్చువరకు ఉన్నదున్నట్లు గ్రహించును. ‘గ్నూప్లాట్‌టెక్’ అను పొత్తము ఈ తీరుననే ఆజ్ఞలను వేరు ఫైలునకెక్కించి, గ్నూప్లాట్‌ను పిలిచి, పటమును తెచ్చి నిలుపును. కాని ఆ అమరికను వేరొక ఆజ్ఞ పొట్టలో పెట్టినచో, పై ఆజ్ఞ అంతయు ముందే చదివి ముద్రలు వేసియుండును; వెర్బాటిమ్ మేలుకొనునప్పటికి కార్యము మించిపోవును. 2003లో టిల్ టాంటౌ వెలువరించిన ‘బీమర్’ ప్రసంగపటములలో ఇట్టి చోట్ల ‘ఫ్రాజైల్’, అనగా పెళుసు, అని ముందే చాటవలసివచ్చుట ఇందువలననే. పేరు చక్కగా కుదిరినది.

మరియొక జాగ్రత్త కలదు. ప్రతిలోనుండి వేరొక ప్రోగ్రామును పిలుచు వీలున్నచో, పరుల ప్రతి మన యంత్రముపై తనకు తోచిన ఆజ్ఞను నడపవచ్చును. కావున సాధారణముగా ఆ ద్వారము మూసియో, కొలదిపాటి ప్రోగ్రాములకే తెరచియో ఉంచబడును. గ్నూప్లాట్‌ను లోనుండి పిలువగోరువారు దానిని తామే తెరువవలెను. అది ఇష్టములేనివారు గ్రాఫు ఆజ్ఞలను వేరు ఫైలులో దాచి, గ్నూప్లాట్‌ను తామే నడపి, గీసిన పటమును మాత్రమే వ్యాసములోనికి పిలుచుకొందురు.